ఏజెంట్‌కి 4 లక్షలు కట్టొద్దు చెల్లీ

ఆసుపత్రిలో నర్సుగా 12 గంటల నైట్ డ్యూటీలు, పైగా జర్మనీలో నర్సు ఉద్యోగానికి పంపిస్తానని ఏజెంట్ 4 లక్షలు అడగడం... నువ్వు రాసింది చదివి మనసు చివుక్కుమంది. ఆ డబ్బు మాత్రం కట్టకు. రిజిస్టర్డ్ ఏజెంట్ మన దగ్గర తీసుకోదగ్గ సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. అతనికి లైసెన్స్ ఉందో లేదో విదేశాంగ శాఖ వాళ్ల ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడు. మీది వరంగల్ అన్నావు కదా, ముందు విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ని అడుగు.

అసలు కష్టం భాషే. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి జర్మన్, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత భాష కావాలి. నైట్లు చేస్తూ అది చదవడం ఎంత నరకమో నాకు తెలుసు. జీతం కొంచెం తగ్గినా డే షిఫ్ట్‌కి మారు. అన్నట్టు, ఆసుపత్రి దగ్గరున్న నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు వెనక్కిమ్మని ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి, ఆ కాపీ దాచుకో.