ఫైట్లు బాగున్నా విలన్ తేలిపోతున్నాడంటే

సూపర్‌హీరో సిరీస్ కోసం రాసిన శాంపిల్ ఎపిసోడ్‌లో ఫైట్లు బాగున్నాయిగానీ విలన్ తేలిపోయాడన్నారని అడిగారు కదండీ. పాల్ డీనీ ఏం చేశాడో చూడండి. హీ-మ్యాన్ లాంటి పిల్లల కార్టూన్లు రాసి రాసి చేయి తిరిగిన మనిషి. 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేటెడ్ సిరీస్‌కి రాసేనాటికి మిస్టర్ ఫ్రీజ్ అంటే మంచు తుపాకీ పట్టుకు తిరిగే మామూలు విలన్. డీనీ అతనికి నోరా అనే భార్యను ఇచ్చాడు. జబ్బుపడ్డ ఆమెను బతికించుకోవాలని మంచులో భద్రపరిస్తే, కంపెనీ యజమాని ఖర్చు ఎక్కువైందని ఆ ప్రయోగం ఆపేయిస్తాడు. అంతే, ఇక ఫ్రీజ్ వేసే ప్రతి అడుగుకీ కారణం దొరికింది. ఆ ఎపిసోడ్‌కి అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ కూడా వచ్చింది.

హార్లీ క్విన్ కూడా అంతే. డీనీ, ఆ సిరీస్ రూపకర్తల్లో ఒకరైన బ్రూస్ టిమ్ కలిసి ఆమెను బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ పక్కన చిన్న పాత్రగా పెడితే, తర్వాత కామిక్స్‌లోకే వెళ్లింది!

కాబట్టి కొత్త పవర్ల జోలికి పోకండి. ఒక ఫైట్ తీసేసి, ఆ రెండు పేజీల్లో విలన్ పోగొట్టుకున్నదేంటో ఒక్క సీన్‌గా చూపించండి, డైలాగుల్లో చెప్పించొద్దు. హీరోకి అది ఆఖర్లోనే తెలియాలి. తిరగరాశాక మొదటి పది పేజీలు ఇక్కడే పెట్టండి, తప్పకుండా చదువుతాను.