స్టాటిస్టిక్స్ చదివే అమ్మాయికి పసిపిల్లల మెదడు పరిశోధనలో చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ చదువుతోంది. నెలలు నిండకుండా పుట్టే పిల్లల మెదడు మీద పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. డాక్టర్ చదవని వాళ్లకి అక్కడ పనేముంటుంది? ఇప్పుడైనా మెడిసిన్ వైపు మళ్లించమంటారా? – ఒక తండ్రి

జవాబు: మళ్లించకండి. తనంతట తానే డాక్టర్ అవుతానంటే అది వేరే మాట. ఆ దారిలో మెడిసిన్, తర్వాత పిల్లల వైద్యం, ఆపైన నవజాత శిశువుల స్పెషాలిటీ, అన్నీ కలిపి పదేళ్లు దాటుతుంది. మీ అమ్మాయికి నచ్చింది పరిశోధన. అందులో లెక్కలు వచ్చినవాళ్ల కోసం డాక్టర్లే వెతుక్కుంటున్నారు.

ఒక్క ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల్ని గీతలుగా చూపించే పరీక్ష) సంగతే చూడండి. పసిబిడ్డ చిన్న తల మీద తరచూ పెట్టేవి కొద్దిపాటి ఎలక్ట్రోడ్లే (ఆ సంకేతాల్ని అందుకునే చిన్న బిళ్లలు). వెంటిలేటర్ అదురు, గుండె కొట్టుకోవడం, నర్సు చెయ్యి తగలడం, అన్నీ వచ్చి అదే గీతలో కలుస్తాయి. ఈ వయసులో వచ్చే ఫిట్స్‌లో చాలావాటికి కాలూ చెయ్యీ కొట్టుకోవడం లాంటి గుర్తులేవీ ఉండవు, గీతలోనే పట్టుకోవాలి. పైగా 26 వారాలకు పుట్టిన బిడ్డ ఈఈజీలో కాసేపు అలజడి, ఆ వెంటనే కొన్ని సెకన్లపాటు దాదాపు చదునైన గీత కనిపించడం మామూలే. నెలలు నిండిన బిడ్డలో అదే కనిపిస్తే డాక్టర్లకి టెన్షన్ మొదలవుతుంది. బిడ్డకి ఎన్ని వారాలో తెలియకుండా ఈ గీతల్ని చదివే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా ఇక్కడ దండగే.

అసలు మీరు ఆలోచించాల్సింది డిగ్రీ గురించి కాదు, మీ అమ్మాయి ఓపిక గురించి. కెఫీన్ కథ చెబుతాను. నెలలు నిండని పిల్లలకి మధ్యమధ్యలో ఊపిరి ఆగిపోతుంటుంది. దానికి ఇచ్చే మందుల్లో కెఫీన్ ఒకటి. 500 నుంచి 1,250 గ్రాముల బరువుతో పుట్టిన 2,006 మంది పిల్లలతో దీని మీద ఒక పెద్ద ట్రయల్ (మందు ఇచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ పోల్చి చూసే పరీక్ష) జరిగింది. ఏడాదిన్నర దాటాక చూస్తే, కెఫీన్ తీసుకున్న పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు సరిగా లేకపోవడం) తక్కువగా ఉంది. ఆ ఫలితం 2007లో వచ్చింది. అయిదేళ్ల వయసులో చూస్తే, వైకల్యం లేకుండా బతకడంలో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పదకొండేళ్లకి మళ్లీ చూస్తే, చదువు, ప్రవర్తన అన్నీ కలిపి లెక్కేసినప్పుడు తేడా తేలలేదు గానీ, కదలికల ఇబ్బంది మాత్రం తక్కువే. మూడూ నిజమే. ఏ వయసులో, ఏ కొలతతో చూడాలో ముందే తేల్చి రాసిపెట్టడం స్టాటిస్టీషియన్ పని. మీ అమ్మాయి చేయబోయేది అదే. దాని ఫలితం చేతికొచ్చేసరికి తన పెళ్లీ పిల్లలూ కూడా అయిపోవచ్చు!

వచ్చిన ఫలితం తీపిగా ఉంటుందనీ లేదు. పుట్టేటప్పుడు మెదడుకి ఆక్సిజన్ అందని, నెలలు నిండిన పిల్లల్ని 6 గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలపాటు 33–34 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉంచే వైద్యం ఉంది. దానికి ఎరిత్రోపోయిటిన్ అనే మందు తోడైతే ఇంకా మేలని చాలామంది ఆశపడ్డారు. 500 మంది పిల్లలతో చేసిన ట్రయల్ ఫలితం 2022లో వచ్చింది. అదనపు మేలేమీ లేదు. అంతకు ముందు ఏడాది ఇంకో దెబ్బ తగిలింది. సంపన్న దేశాల్లో పనిచేసిన ఆ చల్లబరిచే వైద్యమే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో చేసిన ట్రయల్‌లో మేలు చేయకపోగా మరణాలు పెంచింది. ఇలాంటి జవాబు చూసి నీరుగారిపోయే మనిషికి ఈ రంగం బరువే. "మరి ఎందుకలా?" అని మళ్లీ కూర్చునే మనిషైతే నిశ్చింతగా పంపండి.

ఉద్యోగం మాటకొస్తే, దాచడం ఎందుకు, మొదటి కొన్నేళ్లు గ్రాంట్ ఉన్నంతకాలమే కుర్చీ. అయితే బయోస్టాటిస్టిక్స్ (వైద్య పరిశోధనలో వాడే స్టాటిస్టిక్స్) చేతిలో ఉంటే మరో జబ్బు పరిశోధనలోకో, మందుల ట్రయల్స్‌లోకో మారడం కష్టం కాదు. ఆ ధైర్యం ఉంది కాబట్టే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పటికి ఆర్ (R) గానీ పైథాన్ గానీ, ఈ ప్రోగ్రామింగ్ భాషల్లో ఏదో ఒకటి గట్టిగా నేర్చుకోమనండి. ఒకే మనిషిని ఏళ్ల తరబడి కొలిచే డేటా, మధ్యలో తప్పిపోయిన డేటా, ఈ రెంటి మీదా పట్టు ముఖ్యం. ఫాలో అప్‌కి రాని పిల్లలు వచ్చినవాళ్లలాగే ఉంటారని అనుకుంటే ఫలితం మొత్తం పక్కకి పోతుంది. పీజీకి బయోస్టాటిస్టిక్స్ కావచ్చు, బయోమెడికల్ సిగ్నల్ ప్రాసెసింగ్ (ఈఈజీ లాంటి శరీర సంకేతాల్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం) కావచ్చు. కాలేజీ పేరు కన్నా, గైడ్‌కి ఏదైనా ఎన్‌ఐసీయూతో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగం) నిజంగా కలిసి పనిచేసే అలవాటు ఉందా అన్నది ముందు కనుక్కోండి.

ఈలోగా చేతినిండా పని కావాలంటే, ఫిన్లాండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీ ఆసుపత్రి 79 మంది నవజాత శిశువుల ఈఈజీని అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఫిట్స్ ఎక్కడెక్కడ ఉన్నాయో ముగ్గురు నిపుణులు విడివిడిగా గుర్తించారు. ముగ్గురి గుర్తులూ అన్నిచోట్లా కలవవు. ఎక్కడ కలవలేదో, ఎంత కలవలేదో లెక్క తేల్చమనండి. ఒక నెల దాంతో కుస్తీ పట్టాక కూడా ఆసక్తి తగ్గకపోతే నాకు మళ్లీ రాయండి, ఏ కోర్సుకి అప్లై చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం.