పీడీఎఫ్‌ల గురించి రాస్తున్న బిడ్డకు

హైదరాబాద్

బిడ్డా,

ఆటోక్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్‌లు గీసే సాఫ్ట్‌వేర్)లో చాలా షీట్లను ఒకేసారి పీడీఎఫ్‌లుగా తీయడం గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, రాత్రి ఒకసారి, పొద్దున చాయ్ తాగుతూ మరోసారి. పని తెలిసిన పిల్ల రాసిందని ఎవరికైనా అర్థమవుతుంది. డ్రాయింగ్ ఆఫీసులో రోజూ చేసే పని గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించినందుకే నాకు చాలా సంతోషం. అమీర్‌పేటలో ఆటోక్యాడ్ నేర్చుకునే పిల్లల్ని నువ్వూ చూశావు. మెనూలు కంఠతా పట్టి బయటికి వస్తారు. ఏ బటన్ ఎందుకు నొక్కుతున్నామో వాళ్లలో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. నువ్వు రాసేది వాళ్ల కోసం. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది.

మొదటి పేజీ తీసేయ్. ఆటోక్యాడ్ 1982లో వచ్చిందనీ, పీడీఎఫ్ 1993లో పుట్టి 2008లో ఐఎస్‌ఓ ప్రమాణమైందనీ రాశావు. అన్నీ నిజాలే. కానీ నీ వ్యాసం తెరిచే మనిషి ఎలా ఉంటాడో ఒక్కసారి ఊహించుకో. సాయంత్రం ఏడయింది. అరవై షీట్లు ఇవాళే పంపాలి. ఒక్కో లేఔట్ (కాగితం మీదికి వెళ్లే షీటు అమరిక) తెరిచి, ప్లాట్ (ప్రింట్) కొట్టి, పేరు పెట్టి సేవ్ చేస్తూ పన్నెండో షీట్ దగ్గర ఉన్నాడు. అతనికి చరిత్ర చెప్పే సమయం కాదది. అన్నీ ఒకేసారి తీసే దారి ఉందని మొదటి వాక్యంలోనే చెప్పు, దాని పేరు పబ్లిష్ అని రెండో వాక్యంలో చెప్పు.

ఇంకోమాట. ‘సామూహిక ముద్రణ’ అని రాశావు. మీ ఆఫీసులో ఎవరైనా ఆ మాట అంటారా? బ్యాచ్ ప్లాట్ అంటారు, పీడీఎఫ్‌లు తీయడం అంటారు. అదే రాయి. లేఔట్‌ని లేఔట్ అనే రాయి. తెలుగు మీద ప్రేమ చూపించాల్సింది పేర్లు మార్చడంలో కాదు, విషయం విప్పి చెప్పడంలో.

విప్పి చెప్పాల్సిన చోట మాత్రం నువ్వు తొందరపడ్డావు. ‘పేజ్ సెటప్ సరిచూసుకోవాలి’ అని ఒక్క వాక్యంతో దాటేశావు. అసలు పని మొత్తం అక్కడే ఉంది కదా! పబ్లిష్‌కి సొంత బుద్ధి లేదు. ఒక్కో లేఔట్ దగ్గరికి వెళ్లి, నిన్ను ఏ ప్రింటర్‌తో, ఏ సైజు కాగితం మీద, ఏ స్కేల్లో, ఏ ప్లాట్ స్టైల్‌తో (గీతల రంగు, మందం నియమాలతో) తీయాలి అని అడుగుతుంది. ఆ లేఔట్ దగ్గరున్న జవాబే పేజ్ సెటప్. నలుగురు నాలుగు కంప్యూటర్లలో గీసిన అరవై షీట్లలో జవాబులు నాలుగు రకాలుగా ఉంటాయి. ఒకదాంట్లో ఎప్పుడో అమ్మేసిన ప్లాటర్ పేరు ఉంటుంది. ఇంకోదాంట్లో ఫిట్ టు పేపర్ (కాగితానికి పట్టేలా డ్రాయింగ్ సైజు మార్చే ఎంపిక) టిక్కు పెట్టి ఉంటుంది. కాబట్టి ముందు ఒక డ్రాయింగ్‌లో మంచి పేజ్ సెటప్ ఒకటి చేసి పేరు పెట్టుకోవాలి: ప్రింటర్‌గా డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్, ఏ1 కాగితం, స్కేలు 1:1 (అంటే లేఔట్‌ను ఉన్న సైజులోనే తీయాలని), ఆఫీసు సీటీబీ (ఏ రంగు గీత ఏ మందంలో, ఏ రంగులో రావాలో చెప్పే ప్లాట్ స్టైల్ ఫైలు). తర్వాత పబ్లిష్ జాబితాలో షీట్లన్నీ ఎంచుకుని, పేజ్ సెటప్ గడిలో దాన్ని ఇంపోర్ట్ చేస్తే అన్నిటికీ ఒకే జవాబు వస్తుంది. ఈ సంగతికి ఒక పేజీ ఇచ్చినా తక్కువే.

ఫిట్ టు పేపర్ ఎందుకు వద్దో కూడా లెక్కతో చూపించు. ఏ1 అంటే 594 బై 841 మిల్లీమీటర్లు, ఏ3 అంటే 297 బై 420. పొడవూ వెడల్పూ దాదాపు సగం. ఏ1 షీటును ఏ3 మీద సగానికి తీస్తే 1:100 డ్రాయింగ్ 1:200 అవుతుంది. ఆ సంగతి తెలిసిన మేస్త్రీ స్కేలు పెట్టి కొలిచినా లెక్క తప్పడు. ఫిట్ పెడితే మార్జిన్లను బట్టి 1:206 అవుతుందో 1:213 అవుతుందో ఎవరికీ తెలియదు. టైటిల్ బ్లాక్‌లో (షీటు మీది వివరాల గడిలో) మాత్రం 1:100 అనే ఉంటుంది. ఈ ఒక్క ఉదాహరణ చదివినవాడు జన్మలో ఆ టిక్కు పెట్టడు.

సీటీబీ గురించి నువ్వు రాసింది బాగుంది, ముఖ్యంగా నల్లటి స్క్రీన్ మీద మెరిసే పసుపు గీత తెల్ల కాగితం మీద కనబడకుండా పోవడం. ఒక్కటి కలుపు: సీటీబీ డ్రాయింగ్ లోపల ఉండదు, కంప్యూటర్‌లో విడిగా ఉంటుంది. పక్క ఆఫీసుకు ఫైలు పంపి సీటీబీ మరిచిపోతే, వాళ్ల పీడీఎఫ్‌లో గోడకీ డైమెన్షన్‌కీ ఒకే మందం వస్తుంది.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం, నేను పనిచేసిన ఒక ఆఫీసులో, ఒక అపార్ట్‌మెంట్ డ్రాయింగ్‌లు నలభైకి పైగా ఒకేసారి తీసి సైట్‌కు పంపాను. ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఎంతో నిశ్చింతగా ఇంటికి వెళ్లాను. పొద్దున్నే సైట్ ఇంజనీర్ ఫోన్: ‘సార్, కాలమ్‌లు ఏవి?’ కాలమ్ గ్రిడ్ అంతా ఒక ఎక్స్‌రెఫ్‌లో (డ్రాయింగ్‌కు జత చేసిన మరో డ్రాయింగ్ ఫైలులో) ఉంది. ఆ ఎక్స్‌రెఫ్ దారి సహోద్యోగి కంప్యూటర్‌లోని సీ డ్రైవ్‌కు కట్టి ఉంది. నా కంప్యూటర్‌కు అది దొరకలేదు. పబ్లిష్ ఆగలేదు, ఉన్నవాటితోనే పీడీఎఫ్‌లు తీసేసింది. ఆ రోజు సైట్‌లో మార్కింగ్ పని ఆగిపోయింది, కూలీలు ఖాళీగా కూర్చున్నారు. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. అప్పటి నుంచి ఎక్స్‌రెఫ్‌లన్నీ రిలేటివ్ పాత్‌తో (డ్రాయింగ్ ఉన్న ఫోల్డర్‌ను బట్టి చెప్పే దారితో) కట్టి ఉన్నాయో లేదో చూడకుండా నేను జాబితా కదపలేదు. తీసిన తర్వాత మొదటి షీటు, మధ్యలో రెండు, చివరి షీటు తెరిచి చూడటం కూడా అప్పుడే అలవాటైంది.

నీ వ్యాసంలో ఇలాంటిది ఒక్కటీ లేదు, బిడ్డా. అంతా సవ్యంగా జరిగినట్టే రాశావు. మూడేళ్లుగా ఆ కుర్చీలో కూర్చున్నావు, నీకు తప్పులు జరగకుండా ఉండవు. అవే రాయి. పబ్లిష్ కొట్టగానే స్క్రీన్ మీద ఏమీ కదలకపోతే కొత్తవాళ్లు మళ్లీ మళ్లీ కొడతారు. పని బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తోందని వాళ్లకు తెలియదు. బ్యాక్‌గ్రౌండ్‌ప్లాట్ అనే సెట్టింగ్ విలువ 0 చేస్తే పని కళ్లముందే నడుస్తుందని చెప్పు. ఎప్పుడూ తెరవని లేఔట్‌కు ‘నాట్ ఇనిషియలైజ్డ్’ అని వస్తే కంగారు పడొద్దని, ఒకసారి తెరిచి సేవ్ చేస్తే చాలని చెప్పు. పీడీఎఫ్‌లో అక్షరాల మీద పసుపు కామెంట్ డబ్బాలు లేస్తే పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్ అనే సెట్టింగ్‌ను 0 చేయమను. ఒకే ఫైలా, విడి ఫైళ్లా అనేది రెండు వాక్యాల్లో తేల్చేయ్. షీట్ సెట్, స్క్రిప్టులు ఇందులో వద్దు, వాటికి మరో వ్యాసం రాద్దువు.

పబ్లిష్‌లో ఎంచుకున్న షీట్ల జాబితాను డీఎస్‌డీ ఫైలుగా దాచుకోవడం మాత్రం వదలకు. రివిజన్ రాకుండా ఉంటుందా? ఆ ఫైలు ఉంటే రెండోసారి పని అయిదు నిమిషాలే. ఇంటికి త్వరగా వెళ్లే దారి కదా అది, గట్టిగా చెప్పు.

నీ వ్యాసం సరిగ్గా ఉందో లేదో నేను చెప్పలేను, నాకు పని ముందే తెలుసు. మీ హాస్టల్‌లో కొత్తగా కోర్సులో చేరిన అమ్మాయి ఉందన్నావు కదా. కాగితాలు ఆమె చేతికిచ్చి, పది షీట్లు తీయమని చెప్పి వెనకాల కూర్చో. నోరు విప్పొద్దు, మౌస్ ముట్టుకోవద్దు. ఆమె చెయ్యి ఆగిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత పెట్టు. ఆ గీతలున్న కాగితాలే నాకు పంపు. సాపు రాసిన ప్రతి ఇప్పుడే వద్దు.

ఆశీస్సులతో,
మీ సార్