చెయ్యి దగ్గరికి తెస్తే ఎల్‌ఈడీలు గెంతుతున్నాయా? ముందు 4017 ఐసీ 13, 15 పిన్నులు చూడు

తమ్ముడూ, 555 (క్లాకులు, అంటే వరసగా పల్సులు ఇచ్చే టైమర్ ఐసీ), 4017 (ఆ క్లాకులు లెక్కపెట్టి లైట్లు ఒక్కొక్కటే వెలిగించే కౌంటర్ ఐసీ) పెట్టి బ్రెడ్‌బోర్డు మీద పది ఎల్‌ఈడీల చేజర్ (లైట్లు ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే సర్క్యూట్) కట్టానని, లైట్లు వరసగా పోకుండా ఎక్కడ పడితే అక్కడ వెలుగుతున్నాయని, చెయ్యి దగ్గరికి తెస్తే ఇంకా గెంతుతున్నాయని, ఒక్కోసారి ఒక్క లైటు దగ్గరే ఆగిపోతోందని రాశావు, ఐసీ కాలిపోయిందా అని అడిగావు. కాలిపోయి ఉండదులే. చెయ్యి పెడితే తేడా వస్తోందంటేనే ఐసీ బానే ఉంది, ఏదో ఇన్‌పుట్ పిన్ను గాల్లో వదిలేశావన్నమాట.

మా కాలనీ పిల్లలకి సెలవుల్లో ఈ సర్క్యూటే నేర్పిస్తుంటాను, వాళ్ళ బోర్డుల మీద నాకు ఎక్కువగా కనపడేది ఇదే. 4017 సీమాస్ ఐసీ కదా, దాని ఇన్‌పుట్ లోపలికి కరెంటు దాదాపు ఏమీ పోదు, అందుకని ఏ వైరూ పెట్టకుండా వదిలేస్తే ఆ పిన్ను చిన్న యాంటెన్నాలా మారి ఇంటి వైరింగ్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్‌ని పట్టేస్తుంది. నమ్మకం లేకపోతే 14వ పిన్నుకి 555 నుంచి వచ్చే వైరు అవతలి కొస పీకి వేలితో పట్టుకుని చూడు, చాలాసార్లు 555 తో పనిలేకుండానే లైట్లు పరిగెడతాయి, సెకనుకి 50 క్లాకులు పడితే పది లైట్లకి సెకనుకి ఐదు రౌండ్లు, కంటికి అన్నీ ఒకేసారి మినుకుమంటున్నట్టు ఉంటుంది. పిల్లలకి ఇది చూపిస్తే వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి, ఆ తర్వాత ఇన్‌పుట్ పిన్ను వదిలేయొద్దని మళ్ళీ చెప్పక్కర్లేదు.

నీ బోర్డులో 13, 15 రెండూ గ్రౌండ్‌కి వెళ్ళాలి. 13కి ప్లస్ వస్తే లెక్కపెట్టడం ఆపేస్తుంది, 15కి ప్లస్ వస్తే మళ్ళీ మొదటి లైటుకి వచ్చేస్తుంది. అంటే ఎక్కడ ఆగుతోందో చూస్తే చాలు, ఎప్పుడూ మొదటి ఎల్‌ఈడీ దగ్గరే ఆగుతుంటే 15 సంగతి చూడు, ఒకసారి ఇక్కడ ఒకసారి అక్కడ ఆగుతుంటే 13 చూడు. పవర్ తీసేసి, మల్టీమీటర్‌ని బీప్ కొట్టే మోడ్‌లో పెట్టి, బ్లాక్ ప్రోబ్ నెగెటివ్ మీద ఉంచి రెడ్ ప్రోబ్ నేరుగా ఐసీ కాలు మీదే పెట్టు, బోర్డు రంధ్రంలో వైరు మీద కాదు, బీప్ వస్తే గ్రౌండ్‌కి కలిసినట్టే. ఎందుకంటే ఐసీ గుచ్చేటప్పుడు ఒక్కోసారి కాలు లోపలికి దిగకుండా ఐసీ కింద మడత పడిపోతుంది, పైనుంచి చూస్తే అన్నీ సరిగ్గా దిగినట్టే ఉంటాయి.

ఇంకోటి, 4017 అవుట్‌పుట్ పిన్నులు 1, 2, 3 అని వరసగా రావు. లైట్ల వరస ఇది: 3, 2, 4, 7, 10, 1, 5, 6, 9, 11. ఇది పేపర్ మీద రాసి బోర్డు పక్కన పెట్టుకో. 12 క్యారీ అవుట్ (పది క్లాకులకి ఒక పల్సు ఇచ్చే పిన్ను), దానికి చేజర్ లైటు పెట్టొద్దు.

పెద్ద బ్రెడ్‌బోర్డు అయితే పక్కన ఎర్ర గీత, నీలం గీత మధ్యలో తెగి ఉన్నాయేమో చూడు, కొన్ని బోర్డుల్లో అక్కడితో కనెక్షన్ కూడా ఆగిపోతుంది, సగానికి పవర్ ఉంటుంది సగానికి ఉండదు, చిన్న జంపర్ వేస్తే సరిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా కుదరకపోతే సర్క్యూట్‌ని రెండు ముక్కలు చెయ్. ముందు 555 ఒక్కటే, దాని 3వ పిన్నుకి 1కే (వెయ్యి ఓమ్స్) రెసిస్టర్‌తో ఒక ఎల్‌ఈడీ పెట్టి అది బ్లింక్ అయ్యేదాకా 4017 జోలికి పోకు. నేను వాడే విలువలు: 8, 7 పిన్నుల మధ్య 1కే, 7, 6 మధ్య 10కే రెసిస్టర్ దాంతో సిరీస్‌లో 100కే పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్), 6, 2 కలిపి అక్కడి నుంచి గ్రౌండ్‌కి 4.7 మైక్రోఫారడ్, 4వ పిన్ను ప్లస్‌కి. పాట్ అటూ ఇటూ తిప్పితే సెకనుకి సుమారు 1.4 నుంచి 14 దాకా క్లాకులు వస్తాయి. ఆ 10కే ఎందుకులే అని తీసేయొద్దు, పాట్ సున్నాకి వచ్చినప్పుడు 6, 7 షార్ట్ అయిపోయి 555 సరిగ్గా ఆడదు.

లైట్లు వరసగానే పోతూ మధ్యలో ఒకటి దాటేస్తుంటే అది వేరే సమస్య. మామూలు ఎన్ఈ555 అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లై నుంచి ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఆ కుదుపుకి 4017 ఒక క్లాక్‌ని రెండుగా లెక్కపెడుతుంది. రెండు ఐసీల పవర్ పిన్నులకి దగ్గరగా తలా ఒక 104 సిరామిక్ కెపాసిటర్ గుచ్చితే చాలావరకు పోతుంది. రూపాయో రెండో ఉంటుంది, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళినప్పుడు ఒక పది తెచ్చిపెట్టుకో.

9 వోల్టుల బ్యాటరీ మానేసి నాలుగు పెన్సిల్ సెల్స్‌తో 6 వోల్టులు ఇవ్వమంటాను. ఒక టైములో ఒక్క లైటే వెలుగుతుంది కాబట్టి పదింటికీ కలిపి ఒకటే 470 ఓమ్స్ రెసిస్టర్ పెట్టేస్తాం కదా, అప్పుడు ఆరిపోయిన మిగతా ఎల్‌ఈడీల మీద ఉల్టా వోల్టేజ్ పడుతుంది. మామూలు ఎల్‌ఈడీ ఉల్టాగా తట్టుకునేది 5 వోల్టులే. 9 వోల్టులతో అది దాటిపోవచ్చు, 6 వోల్టులతో ఎర్ర ఎల్‌ఈడీ అయితే 4 దగ్గరే ఉంటుంది.

వినాయక చవితి మండపానికి ఇదే పెద్దగా చేసి సీరియల్ సెట్లు తిప్పాలని ఉంది అన్నావు. ప్లగ్గులో పెట్టే సెట్లు మాత్రం దీనికి తగిలించొద్దు, బ్రెడ్‌బోర్డు మీదకి 230 వోల్టులు తేవద్దు, మండపంలో వానకి తడిసే చోట పిల్లలు తిరుగుతుంటారు. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్పు ముక్కలు తీసుకో. 4017 నేరుగా వాటిని లాగలేదు, మధ్యలో యూఎల్ఎన్2003 (ఎక్కువ కరెంటు లాగే డ్రైవర్ ఐసీ) పెట్టు, ఒక్కో ఛానల్ 500 మిల్లీయాంప్స్ దాకా తట్టుకుంటుంది, కానీ అన్నీ ఫుల్లుగా ఒకేసారి కాదు, చేజర్‌లో ఎలాగూ ఒకటే ఆన్ అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. దాంట్లో ఉండేవి ఏడు ఛానళ్ళే, అందుకని ఏడు లైట్లకే సరిపెట్టుకుని, ఎనిమిదో అవుట్‌పుట్ అయిన 6వ పిన్నుని 15కి కలిపెయ్ (అప్పుడు 15 గ్రౌండ్ వైరు తీసేయాలి), ఏడు అవ్వగానే మళ్ళీ మొదటికి వస్తుంది. స్ట్రిప్పు ప్లస్ 12 వోల్టుల అడాప్టర్‌కి, మైనస్ యూఎల్ఎన్ అవుట్‌పుట్‌కి, అడాప్టర్ గ్రౌండూ సెల్స్ గ్రౌండూ యూఎల్ఎన్ 8వ పిన్ను దగ్గర కలవాలి, అది కలపకపోతే ఏదీ వెలగదు.