చలి పోయాక లాన్‌లో మచ్చలు: ముందు నేల చూడండి

ఎరువు వేసినా చలికాలం దాటేసరికి నడిచే దారి పక్కన గడ్డి పలచబడుతోందా? అక్కడ నేల గట్టిపడి ఉంటుంది. వేర్లకు గాలి ఆడదు, వేసిన ఎరువూ లోపలికి దిగదు. అందుకే వచ్చే చలికాలానికి ముందే ఈ పనులు చేయండి.

1. తడి నేలలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. చేతి బలానికి దిగకపోతే అనుమానం అక్కర్లేదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఎరువుకు ముందు రంధ్రాలు చేయడం. ముందు రోజు నీళ్లు పెట్టి, మట్టిని ముక్కలుగా బయటికి లాగే ఏరేటర్‌తో 5–7 సెం.మీ. లోతుగా తీయండి. మేకుల్లాంటి పళ్లున్నది వద్దు, అది మట్టిని పక్కలకు నొక్కి ఇంకా బిగిస్తుంది. పైన పడ్డ ముక్కలు ఏరొద్దు, వానకు అవే కరుగుతాయి. కొన్నాళ్లు చూడ్డానికి బాగోదు, అంతే.

3. ఇప్పుడు పలచటి చోట విత్తనం, తర్వాత ఎరువు. గడ్డకట్టే మంచు పడడానికి కనీసం నెల ముందే ముగించండి.

4. రాలిన ఆకులు పేరుకోనివ్వద్దు. గడ్డి కోసేటప్పుడు ఒకేసారి ఎత్తులో మూడో వంతు మించి తీయొద్దు.

ఇదంతా చల్లటి వాతావరణపు గడ్డికి. మీది బెర్ముడా (వేడి వాతావరణపు గడ్డి) అయితే రంధ్రాల పని ఎండాకాలంలో పెట్టుకోండి, చలి ముందు నత్రజని ఎరువు మానేయండి. చలికి అది గోధుమరంగుకు తిరగడం మామూలే, టెన్షన్ వద్దు.