కొత్త సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్: ముందు శుభ్రత, తరువాతే అలంకారాలు

అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతం నుంచి వచ్చి, ఇటీవలే గ్రీన్‌కార్డు అందుకున్న ఒక సోదరుడు 12 గేజ్ (గొట్టం వెడల్పు కొలత) సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ కొన్నారట. దానిని ఎంత తరచుగా శుభ్రం చేయాలో, దానికి ఏయే సామాన్లు బిగించుకుంటే బాగుంటుందో చెప్పమని అడుగుతూ, కొనదలచుకున్న వస్తువుల జాబితా కూడా పంపారు. అందులో టార్చిలైటు, ఎర్ర చుక్కతో గురి చూపే రెడ్ డాట్ సైటు, తూటాలు నిలవ ఉండే పొడవైన మ్యాగజైన్ ట్యూబు, పక్కన తూటాలు గుచ్చుకునే పలక, బ్యారెల్ (తుపాకి గొట్టం) మూతిలో బిగించే మూడు రకాల చోకులు ఉన్నాయి గాని, తుడవడానికి పనికివచ్చే వస్తువు ఒక్కటీ లేదు. ఇక్కడ అమెరికాలో కొత్తగా తుపాకి కొన్న మనవాళ్లలో ఈ ధోరణి తరచుగా కనబడుతోంది కాబట్టి కాస్త వివరంగా జవాబిస్తున్నాను.

అసలు విషయానికి ముందు ఒక హెచ్చరిక. ఆ సోదరునికి గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ చట్టం ప్రకారం ఇబ్బంది లేదు. హెచ్1బీ, ఎఫ్1, బీ2 వంటి వీసాల మీద ఉన్నవారు మాత్రం, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకిని గాని తూటాను గాని తమ అధీనంలో ఉంచుకోరాదు. గదిలో కలిసి ఉండే స్నేహితుడు, వేసవికి కడప నుంచి వచ్చిన నాన్నగారు సరదాకు చేతిలోకి తీసుకున్నా ఈ నిబంధన వర్తించవచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి సైతం ఆయుధాల నేరం రుజువైతే దేశం నుంచి పంపివేసే అవకాశం ఉంది. కాబట్టి మీ రాష్ట్ర నిబంధనలు ఒకసారి చదువుకున్న తరువాతనే స్క్రూడ్రైవర్ చేతబట్టండి.

మన కడప, కర్నూలు, అనంతపురం పల్లెల్లో లైసెన్సు తుపాకి అనగానే గుర్తుకు వచ్చేది డబుల్ బ్యారెల్. ఎన్నికలు వస్తే దానిని పోలీస్ స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవడం చూస్తూ పెరిగినవాళ్లం మనం. దానిని మధ్యకు విరిస్తే రెండు గొట్టాల్లో ఏముందో కంటికి కనబడుతుంది; లోపల కదిలే భాగాలు కూడా తక్కువ. సెమీ ఆటోమేటిక్ సంగతి వేరు. పేలిన తూటాను బయటకు నెట్టడం, సుత్తిని మళ్లీ వెనక్కి ఎత్తడం, కొత్త తూటాను చాంబర్‌లోకి, అంటే అది పేలే గదిలోకి, ఎక్కించడం అన్నీ అదే చేసుకుంటుంది. అందువల్ల మురికి, తప్పుడు తూటా, అనవసరపు బరువు దీని పనిని చెడగొట్టినంతగా డబుల్ బ్యారెల్ పనిని చెడగొట్టవు. ఖాళీ చేసే పద్ధతి కూడా మారుతుంది. మ్యాగజైన్‌లో తూటాలు ఉంచి బోల్టు (చాంబర్‌ను వెనుక నుంచి మూసే కదిలే దిమ్మ) లాగితే, చాంబర్‌లోది బయట పడినా మరొకటి లోపలికి ఎక్కే అవకాశం ఉంది. కాబట్టి ముందు మ్యాగజైన్ ట్యూబు, ఆ తరువాత చాంబర్ ఖాళీ చేసి, బోల్టును వెనక్కి నిలిపి, రెండు చోట్లా చిటికెన వేలుతో తడిమి చూడాలి. తూటాల పెట్టెను వేరే గదిలో ఉంచిన తరువాతనే విప్పడం మొదలుపెట్టాలి.

మీది ఏ రకమో తెలుసుకోవడం తరువాతి పని. బెరెట్టా ఏ300, మాస్‌బర్గ్ 940, 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100 వంటివి గ్యాస్‌తో నడుస్తాయి. బ్యారెల్‌లోని సన్నని రంధ్రాల గుండా కొంత వాయువు బయటకు వచ్చి పిస్టన్‌ను తోస్తే బోల్టు వెనక్కి కదులుతుంది. బెనెల్లీ ఎం2 వంటివి ఇనర్షియా పద్ధతిలో నడుస్తాయి. పేలినప్పుడు తుపాకి మొత్తం వెనక్కి తన్నుతుంటే, బరువైన బోల్టు క్షణకాలం ఉన్నచోటే నిలిచి లోపలి స్ప్రింగును నొక్కుతుంది, ఆ స్ప్రింగు విడిచినప్పుడు పని జరుగుతుంది. గ్యాస్ తుపాకి భుజాన్ని కొంచెం మెత్తగా తాకుతుంది గాని మసి ఎక్కువ పడుతుంది. ఇనర్షియా తుపాకి శుభ్రంగా ఉంటుంది గాని మరీ తేలికైన తూటాలతో, ముఖ్యంగా కొత్తలో, మొరాయించవచ్చు. అందుకే కొన్ని కంపెనీలు మొదట బరువైన తూటాలు కొన్ని కాల్చమని మాన్యువల్‌లో రాస్తాయి. ఆ పుస్తకాన్ని పెట్టెతో పాటు పారవేయకండి.

దుకాణం నుంచి తెచ్చిన తుపాకిని అలాగే రేంజికి (కాల్పుల సాధన చేసే చోటికి) తీసుకుపోవడం నాకు నచ్చని పని. ఫ్యాక్టరీలో పూసిన నూనె తుప్పు పట్టకుండా కాపాడటానికే గాని భాగాలు నునుపుగా కదలడానికి కాకపోవచ్చు. మ్యాగజైన్ మూత విప్పి, బ్యారెల్ తీసి, బోల్టు పిడిని లాగి, బోల్టును బయటకు జార్చండి. ట్రిగ్గర్ భాగాన్ని పట్టి ఉంచే పిన్నును పక్కకు నెట్టి దానిని కిందికి దించండి. ఆ పూతను పాత బనియను గుడ్డతో తుడిచివేసి, బోల్టు జారే గాళ్లలో ఒక్కొక్క చుక్క నూనె వేసి వేలితో రాస్తే చాలు. మనవాళ్లలో చాలామంది చేసే పొరపాటు తక్కువ నూనె వేయడం కాదు, ఎక్కువ వేయడం. కారిన నూనె దుమ్మును, సగం కాలిన తుపాకి మందును పట్టుకుని జిగురుగా మారుతుంది, చలికాలంలో గట్టిపడుతుంది. గ్యాస్ తుపాకిలో పిస్టన్‌నూ, అది జారే ట్యూబునూ దాదాపు పొడిగా ఉంచడమే మేలు. పెనం మీద మాడిన దోసె పిండిలా పిస్టన్ చుట్టూ అంటుకునే మసిని గోకడానికి ఇనుప కత్తి వాడకండి. కార్బన్ ద్రావకంలో కొంతసేపు నానబెట్టి ఇత్తడి బ్రష్షుతో రుద్దితే వదులుతుంది.

మూడు చోట్లను కొత్తవారు మరచిపోతారు. మొదటిది చాంబర్. తూటాల ప్లాస్టిక్ పూత సన్నగా అక్కడ అంటుకుని, పేలిన తూటా బయటకు రాకుండా బిగుసుకుంటుంది. తుపాకి నుంచి విప్పి తీసిన బ్యారెల్‌ను కంటికి దగ్గరగా పట్టి వెలుతురులో చూస్తే లోపల బూడిదరంగు గీతలు కనబడతాయి, వాటిని చాంబర్ బ్రష్షుతోనే తీయాలి. రెండవది చోకు మరలు. చోకును ఎప్పుడూ విప్పకపోతే తుప్పుతో, మసితో అక్కడే అతుక్కుపోతుంది కాబట్టి ప్రతిసారీ విప్పి తుడిచి, మరల మీద కొంచెం గ్రీజు రాసి మళ్లీ బిగించాలి. మూడవది, చాలా మోడళ్లలో భుజానికి ఆనించే కట్టె లోపల దాగి ఉండే, బోల్టును ముందుకు తోసే రిటర్న్ స్ప్రింగు గొట్టం. వానలో తడిసిన తుపాకి బయటకు నిగనిగలాడుతున్నా, ఆ గొట్టంలో నీరు నిలిచి తుప్పు పట్టి బోల్టు నిదానంగా ముందుకు వస్తుంది. మట్టి పిట్టలు (గాలిలోకి విసిరే మట్టి బిళ్లలు) కాల్చేవారు రేంజి నుంచి వచ్చిన ప్రతిసారీ అంతా విప్పనక్కరలేదు. పైపైన తుడిచి, చాంబర్ చూసి, కొన్ని వందల తూటాలకు ఒకసారి పూర్తిగా విప్పితే సరిపోతుంది. తడిసిన రోజు మాత్రం వాయిదా వేయకండి.

ఇక తూటాలు. బ్యారెల్ మీద రెండుముప్పావు అంగుళాలని రాసి ఉంటే మూడంగుళాల తూటా వేయరాదు. అది చాంబర్‌లో దూరుతుంది గాని, పేలేటప్పుడు దాని ముడుచుకున్న మూతి విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇంట్లో 20 గేజ్ తుపాకి కూడా ఉంటే రెండింటి తూటాలనూ ఒకే సంచిలో వేయకండి. సన్నగా ఉండే 20 గేజ్ తూటా 12 గేజ్ చాంబర్‌ను దాటి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. దాని వెనుక 12 గేజ్ తూటా పేలితే బ్యారెల్ పగిలిపోతుంది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ జాబితా చూద్దాం. అందులో లేనిదాన్నే నేను మొదట కొనమంటాను, అది చెవులకూ కళ్లకూ రక్షణ. రెండవది కట్టె కొలత. ఇక్కడి ఫ్యాక్టరీ కట్టెలు మనలో పొట్టివారికి తరచు పొడవవుతాయి, చెంప సరిగా ఆనదు, భుజం నల్లబడుతుంది. కొన్ని తుపాకులతో వచ్చే పలుచని బిళ్లలు మార్చినా, వెనుక రబ్బరు దిండు పలుచనిది వేసినా రెడ్ డాట్ కంటే ఎక్కువ లాభం కనబడుతుంది. తూటాలు గుచ్చే పలక మరలను బలంగా బిగిస్తే రిసీవర్ (బోల్టు కదిలే పెట్టె) గోడలు నొక్కుకుని బోల్టు రాసుకుంటుంది; వెల్క్రోతో అతికించే పట్టీ అయితే ఆ బాధ లేదు. ఇనర్షియా తుపాకికి టార్చి, పలక, పొడవైన ట్యూబు అన్నీ తగిలిస్తే బరువు పెరిగి అది వెనక్కి తన్నే వేగం తగ్గుతుంది, తేలిక తూటాలతో పనిచేయడం మానుకుంటుంది.

పొడవైన మ్యాగజైన్ ట్యూబు విషయంలో మాత్రం దుకాణదారుని మాట ఒక్కటే నమ్మకండి. వలస పక్షుల వేటలో షాట్‌గన్‌లో మొత్తం మూడు తూటాలకు మించి పట్టరాదు, అందుకే చాలా తుపాకుల్లో చెక్క లేదా ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి ఉంటుంది. విదేశాల్లో తయారైన సెమీ ఆటోమేటిక్‌ను మార్చడం మీద ఫెడరల్ నిబంధన వేరుగా ఉంది. మ్యాగజైన్ సామర్థ్యానికి పరిమితి పెట్టిన రాష్ట్రాలు కూడా ఉన్నాయి. బ్యారెల్‌ను 18 అంగుళాలకు తక్కువగా కోయించే ఆలోచన ఎవరైనా చెబితే అక్కడితో ఆపండి. చోకుల సంగతి ఇలా. మట్టి పిట్టలకు ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్ అనే చోకులు రెండూ చాలు. 1991 నుంచి బాతుల వంటి నీటి పక్షుల వేటలో సీసపు గుళ్లు దేశమంతటా నిషిద్ధం. ఉక్కు గుళ్లు వాడేవారు తమ చోకు వాటికి తగినదో కాదో చూసుకోవాలి, బిగుతైన చోకులో అవి బ్యారెల్‌ను దెబ్బతీయగలవు.

కాల్చి వచ్చాక సీసపు దుమ్ము అంటిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా పిల్లలను ఎత్తుకోకండి, ఆ బట్టలు వేరుగా ఉతకండి. తుపాకి తాళం వేసిన సేఫ్‌లో, తూటాలు వేరుగా ఉండాలి. ప్రయాణపు గుడ్డ సంచిలో నెలల తరబడి ఉంచితే అది తేమ పట్టి తుప్పు తెస్తుంది.

బెంగళూరు, హైదరాబాదు, చెన్నై మీదుగా సొంత ఊరికి వెళ్లేటప్పుడు రేంజికి తీసుకువెళ్లే సంచిని సామానుకు వాడకండి. ఏ అరలోనో మరచిపోయిన ఒక్క తూటా విమానాశ్రయం స్క్యానర్‌లో బయటపడితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు, సెలవు కాస్తా పోలీసుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరగడంలో గడిచిపోతుంది. కోటు జేబులు, కారు డిక్కీ, పిల్లల స్కూలు సంచి కూడా ఆ రోజు ఒకసారి దులిపి చూడండి.