నొక్కు, ఊపిరి పీల్చు, అప్పుడు మాట్లాడు

బుజ్జీ,

నీకు హ్యామ్ రేడియో లైసెన్స్, దాంతో పాటు గాల్లో నీ పేరుగా చెప్పుకునే కాల్‌సైన్ వచ్చాయని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. అది వీయూ3తో మొదలవుతుంది అనగానే నేను లేచి కూర్చున్నాను. ఆ సంతోషంలో ఉండగానే, 2027 గోదావరి పుష్కరాలకి రాజమండ్రి ఘాట్ల దగ్గర హ్యాండీ, అదే చేతిలో పట్టే రేడియో సెట్టు, పట్టుకుని వాలంటీరుగా చేస్తావట అని కూడా అంది. ఇక నిద్ర పడితే ఒట్టు. మీ పెదనాన్న మాత్రం "అంతా నీ పోలికే, అనుభవించు" అని అటు తిరిగి పడుకున్నారు.

వెళ్ళొద్దని రాయడం లేదు. రాసినా నువ్వు వినవు. వెళ్ళేటప్పుడు ఎలా వెళ్ళాలో రాస్తున్నాను.

పరీక్ష పాసయ్యావు కాబట్టి తెలిసినవి గబగబా చెప్పేస్తాను. యాంటెన్నా బిగించకుండా మాట్లాడే బటన్ నొక్కకు, లోపలి ట్రాన్సిస్టర్ పోవచ్చు. యాంటెన్నా పట్టుకుని సెట్టు ఊపకు. మాట్లాడేటప్పుడు నడుముకున్న క్లిప్పు నుంచి తీసి, యాంటెన్నా నిలువుగా ఉండేలా మొహం దగ్గరికి తెచ్చుకో. మూతికి ఆనించి అరవకు, రెండు మూడు అంగుళాల దూరం చాలు. విడి బ్యాటరీని తాళం చెవులున్న సంచిలో పడేయకు, షార్టయితే కాలుతుంది. ఉరుములు మొదలైతే రేవులో నిలబడకు, ఎవరేమన్నా సరే లోపలికి వెళ్ళిపో. మెనూలో టైమ్ అవుట్ టైమర్ అని ఉంటుంది, బటన్ ఎక్కువసేపు నొక్కి ఉంటే అదే ఆపేస్తుంది, దాన్ని ఒక నిమిషానికి పెట్టుకో. సెట్టు మీద ఎవరైనా కూర్చుని బటన్ నొక్కుకుపోయినా ఛానల్ మొత్తం మూగబోకుండా ఉంటుంది.

దూరం సంగతి కూడా అంతే. ఐదు వాట్లు ఉంది కదా అని మురిసిపోకు. మన సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్ సిగ్నల్‌కి దారి తెరిచి ఉండాలి. గట్టు మీద నిలబడితే నది దాటి కొవ్వూరు వాళ్ళు పక్కనున్నట్టే వినిపిస్తారు. అదే సెట్టుతో వెనక సందులో రెండు మేడల మధ్యకి వెళితే అరకిలోమీటరు కూడా కష్టం. వినిపించకపోతే పవర్ పెంచే ముందు నాలుగడుగులు పక్కకి జరిగి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ పుస్తకంలో ఉండదు, ఎందుకంటే ఆ పుస్తకాలు ఇంగ్లీషు మాటని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

1996 నవంబరులో కోనసీమ తుపాను వచ్చినప్పుడు నువ్వు పుట్టలేదు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డు మీదకి పోదామంటే అడ్డంగా కొబ్బరిచెట్లు. మా హ్యామ్‌లం కొందరం సెట్లు, కారు బ్యాటరీలు మోసుకుని ఊళ్ళకి వెళ్ళాం. నన్ను ఒక లంక ఊరి బడికి పంపారు. నాతో ఒక కుర్రాడు. మంచి చురుకైనవాడు, గొంతు కూడా ఖంగుమనేది. నేను కింద గదుల్లో జనాన్ని లెక్కపెట్టి చీటీ రాసిచ్చేదాన్ని, అతను డాబా మీదికెక్కి హ్యాండీలో కంట్రోల్ రూముకి చదివేవాడు.

రెండో రోజు పొద్దున్న చీటీలో రాసింది: అరవై మంది, అందులో పాలుతాగే పిల్లలు తొమ్మిది మంది, మంచినీళ్ళు లేవు. అతను చదివాడు. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను, సరిగ్గానే చదివాడు. కానీ అతనికి ఒక అలవాటు. బటనూ నోరూ ఒకేసారి కదిలేవి. బటన్ నొక్కాక సెట్టు గాల్లోకి రావడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో అన్నది మన డాబా మీదే ఉండిపోతుంది, అవతలికి పోదు. అవతలికి పోయింది "రవై మంది".

అరవైలో అ పోయినా రవై, ఇరవైలో ఇ పోయినా రవై. అవతల రాసుకున్నాయన ఇరవై అని రాసుకున్నాడు. మళ్ళీ చదివి వినిపించలేదు. "రోజర్" అన్నాడు, అంటే అందింది అని. మనవాడు సెట్టు ఆపేశాడు. బ్యాటరీ పొదుపు.

సాయంత్రం పడవ వచ్చింది, ఇరవై మందికి సరిపడా పులిహోర పొట్లాలతో, ఒక క్యాను నీళ్ళతో. పొట్లాలు దింపి అది వెంటనే వెనక్కి తిరిగింది, చీకటి పడుతోంది కదా. ఆ ఊరి ఆడవాళ్ళు ఒక్క మాట కూడా అనలేదు. పిల్లలకి పెట్టండమ్మా అని వెనక్కి జరిగారు. మగవాళ్ళలో ఇద్దరు ముగ్గురు మాత్రం మమ్మల్ని పట్టుకున్నారు. మీరు తక్కువ చెప్పారు, మిగతాది ఎవరికో పంపించుకున్నారు అని. ఆ కుర్రాడు ఏడ్చేశాడు. అరవై అనే చెప్పానండీ, అరవై అనే చెప్పానండీ అని వాళ్ళ వెంట తిరిగాడు. నిజమే, చెప్పాడు. ఆ రాత్రి ఒక పసివాడు ఆకలికి ఆగి ఆగి ఏడుస్తుంటే వాళ్ళమ్మ మా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. పొద్దున్నే రెండో పడవ వచ్చింది, ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఇది ఏ రిపోర్టులోనూ లేదు.

అందుకే చెబుతున్నాను. బటన్ నొక్కు. ఒక ఊపిరి పీల్చు. అప్పుడు మాట్లాడు. మన మాటని అందుకుని దూరానికి మళ్ళీ పంపే రిపీటర్ మీదైతే ఇంకొంచెం ఆగు, అది నిద్ర లేవాలి. అంకె ఏదైనా రెండు రకాలుగా చెప్పు: "అరవై, ఆరు సున్నా". మూడు, ఏడు కూడా చప్పుడులో ఒకలాగే వినిపిస్తాయి, వాటిని నిదానంగా మళ్ళీ చెప్పు. అవతలివాళ్ళు రోజర్ అంటే ఒప్పుకోకు. "ఏం రాసుకున్నారో చదవండి" అని అడుగు. నీకంటే పెద్దవాళ్ళైనా, యూనిఫాంలో ఉన్నా అడుగు.

మాట అయ్యాక కూడా బటన్ వెంటనే వదిలేయకు. మనం వద్దనే మాటని చివర్లో పెడతాం కదా. "ఇటువైపు జనాన్ని పంపించొద్దు" అంటూ వేలు ముందే తీసేస్తే అవతల వినిపించేది "ఇటువైపు జనాన్ని పంపించ". మిగతాది వాళ్ళే పూరించుకుంటారు, ఎటైనా పూరించుకోవచ్చు. అందుకని వద్దు అనేదాన్ని ముందుకి తీసుకురా: "వద్దు, వద్దు. ఇటు ఎవరినీ పంపొద్దు." వ్యాకరణం టీచరుగా చెప్పడం లేదు, డాబా మీద నిలబడినదానిగా చెబుతున్నాను.

పుష్కరాలంటే నా భయం నీళ్ళు కాదు, జనం. 2015 జూలై 14, మొదటి రోజే రాజమండ్రి ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. అలాంటి చోట నీ భుజం మీద సెట్టు గట్టిగా "అక్కడ తోపులాట జరుగుతోంది" అని అరిచిందనుకో, చుట్టూ ఉన్నవాళ్ళు ఎటు పరిగెడతారు? ఇయర్‌పీస్ లేకుండా జనంలోకి అడుగు పెట్టకు. డబ్బులు లేకపోతే నేను కొనిస్తాను.

ఇంకొకటి. పోయినవాళ్ళ పేర్లు, తప్పిపోయిన ఆడపిల్లల వివరాలు గాల్లో చదవకు. మన బ్యాండులో రహస్యం అనేది లేదు, సెట్టున్న ప్రతివాడూ వింటాడు. ఆ తుపానప్పుడే ఒక ఆఫీసులో లౌడ్‌స్పీకర్లో పేర్ల జాబితా వస్తుంటే, అందులో తమ్ముడి పేరున్న మనిషి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. అలాంటి కబురు మనిషి చేత పంపించు, లేదా ఫోన్ పనిచేస్తుంటే ఫోన్లో చెప్పు.

నీ సెట్టు నీ లైసెన్స్ మీద ఉంది. తోటి వాలంటీర్లు సరదాగా అడుగుతారు, ఇవ్వకు. మనది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, పైన 434 నుంచి 438. పోలీసుల ఛానల్ దొరికిందని అందులో నోరు విప్పావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. నీ స్నేహితులకి కావాలంటే 446.0, 446.2 మధ్య పనిచేసే చిన్న సెట్లకి లైసెన్స్ అక్కర్లేదు, కాకపోతే సెట్టుకి ప్రభుత్వ ఆమోదం ఉండాలి. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చేవన్నీ అలాంటివి కావు. 2025లో కేంద్రం వాటిని అమ్మే సైట్లకి నోటీసులిచ్చింది కూడా.

నేను మోర్స్ నేర్చుకుంటున్నప్పుడు మా అత్తగారు "ఆ టకటకలేంటమ్మా, అన్నం పెడుతుందా" అనేవారు. తుపాను తరవాత ఆవిడే పక్కింటివాళ్ళకి నా కాల్‌సైన్ చెప్పేవారు, తప్పుగా. నీకు కూడా ఇలాంటి మాటలు వస్తాయి, పట్టించుకోకు. అన్నం మాత్రం వేళకి తిను. అర్ధరాత్రి డ్యూటీ అయితే ఒంటరిగా రేవు వైపు వెళ్ళకు. ఎక్కడున్నావో గంటకోసారి కంట్రోల్‌కి చెబుతూ ఉండు. రెండు సార్లు పిలిచినా నీ జవాబు రాకపోతే ఎవరు వెతకడానికి వస్తారో డ్యూటీ ఎక్కకముందే అడిగి తెలుసుకో. అలా వచ్చేవాళ్ళు ఎవరూ లేరంటే అక్కడ నిలబడకు.

దసరాకి వచ్చేటప్పుడు సెట్టు తీసుకురా, ఛార్జర్ మర్చిపోకు. నేను పెరట్లో మిక్సీ వేసుకుని కూర్చుంటాను, నువ్వు డాబా మీద నుంచి యాభై అంకెలు చదువు. నేను రాసుకున్నదాంట్లో ఒక్కటి తప్పినా మళ్ళీ మొదటినుంచి.

73 (మన హ్యామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
పెద్దమ్మ

తా.క. మీ అమ్మకి ఇయర్‌పీస్ సంగతి, 446 సంగతి చెప్పు. పసివాడి సంగతి చెప్పకు.